మందాకినికి ఏడు మార్కులు

ఆ రోజుల్లో నవల చదవడం చాటుగా చేయవలసిన పని, నవలను తిట్టడం సభలో చేయవలసిన పని. నేను రెండింటిలోనూ ఏకకాలంలో ప్రావీణ్యం సంపాదించాను. ఇప్పుడు మెట్రో రైలెక్కితే, పక్క సీటులోని అమ్మాయి తన ఫోనులో రాకుమారుడు రాకుమారిని ఏ గుర్రం మీద ఎక్కించుకొని పోయాడో బాహాటంగా చదువుకుంటూ ఉంటుంది. ఎవరు తొంగిచూసినా తడబడదు. మా కాలంలో అంతటి ధైర్యం చదివేవారికి లేదు, కథలోని రాకుమారులకు మాత్రమే ఉండేది. (అది కూడా రచయిత అరువిచ్చిన ధైర్యమే కనుక వారిని మెచ్చుకోవలసిన అవసరం లేదు.)

అప్పటికి నాకు ఇరవైమూడేళ్ళు. ప్రాచ్య కళాశాలలో ఐదేళ్ళు కూర్చొని వ్యాకరణమూ అలంకారశాస్త్రమూ ప్రబంధాలూ నూరి తాగినందువల్ల, సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అమ్మ "బువ్వ తింటవా బిడ్డా" అని అడిగితే "ఆకలి ఇంకను కలుగలేదు" అని సమాధానం చెప్పేంతటి పాండిత్యం అబ్బింది. నన్ను ఎవరైనా మంచి వైద్యుడికి చూపించమని ఆమె నాన్నను పోరినట్లు తరువాత తెలిసింది. ఆ పాండిత్యంతోనే నాచారంలో ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా చేరాను. ఏడాదిపాటు నడవడి గమనించి, నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తామని ప్రధానోపాధ్యాయులవారు మొదటిరోజే సెలవిచ్చారు. ఆయనను అందరూ పెద్దసారు అనేవారు. సిగరెట్టు, సినిమా, నవల అనేవి మనిషిని పాడుచేయడంలో ఒకే తల్లి బిడ్డలని ఆయన సిద్ధాంతం. నాకు మొదటి రెండూ పరిచయం లేవు. మూడవదాన్ని చదవకుండానే ద్వేషించే విద్య కళాశాలలో నేర్పే పంపారు.

నేను అద్దెకున్న గది ఫ్యాక్టరీల వెనుక వీధిలో, ఒక చిన్న డాబా ఇంటి ముందుభాగంలో ఉండేది. ఇంటావిడను వీధి వీధంతా ఓనరమ్మ అనేది కనుక నేనూ మనసులో అలాగే అనుకునేవాణ్ణి. పైకి మాత్రం "అక్కగారూ". ఆమె భర్తకు ఫ్యాక్టరీలో ఎప్పుడూ రాత్రి షిఫ్టే. పొద్దున్నే వచ్చి, గడప దాటీ దాటకముందే మంచం మీద పడి, సాయంత్రం దాకా కదిలేవాడు కాదు. ఆయన పడుకున్నంతసేపూ ఆ ఇంట్లో గిన్నెలు కూడా గుసగుసలాడేవి. నేను చేరిన ఏడాదికి గాని ఆయన గొంతు ఎలా ఉంటుందో వినలేదు. వారి కూతురు మా పాఠశాలలో ఏడవ తరగతి. ఆ అమ్మాయి నోటుబుక్కులు దిద్దేది నేనే.

పాఠశాల వార్షికోత్సవంలో పెద్దసారు నన్ను మాట్లాడమన్నారు. విషయం కూడా ఆయనే ఇచ్చారు: నవలాపఠనం వల్ల కలిగే అనర్థాలు. నలభై నిమిషాలు మాట్లాడాను. అంతవరకు ఒక్క నవల కూడా పూర్తిగా చదవకపోవడం నా ప్రసంగానికి ఏమాత్రమూ అడ్డురాలేదు, సరికదా ధారాళతకు తోడ్పడింది. "మన ఆలంకారికులు కావ్యము మంగళాంతము కావలెనని శాసించిరి," అన్నాను కంఠం పెంచి. "చదువరిని ఏడిపించి పంపు రచన రచనయే కాదు. అట్టి గ్రంథమునందలి చివరి పుటలను చించివేసినను పాపము లేదు." పెద్దసారు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారు కనుక అందరూ కొట్టారు. ముందు వరుసలో ఓనరమ్మ కొంగు భుజాన సర్దుకొని, శాసనం విన్న ప్రజలా గంభీరంగా తల ఊపింది. ఆ తల ఊపు నాకు ఎంత ఖరీదు కాబోతున్నదో ఆ క్షణాన తెలియక, నేను తిరిగి నమస్కారం కూడా పెట్టాను.

నెల తిరగకముందే పతనం ప్రారంభమైంది. ఎర్రసిరా బుడ్డి కొనడానికి ఉప్పల్ చౌరస్తాకు పోయాను. వాన పట్టుకుంది. తల దాచుకోవడానికి దగ్గరున్న చూరు కిందికి పరుగెత్తితే, అది అద్దె పుస్తకాల దుకాణం. (నాచారంలోనూ అటువంటిది ఒకటి ఉండేదట, పరువుగలవారంతా ఎవరి కంటా పడకుండా ఉప్పల్ దాకా పోయి తెచ్చుకుంటున్నందువల్ల గిరాకీ లేక మూతపడింది.) దుకాణదారు దళసరి అద్దాల వెనుక నుంచి నన్ను చూశాడు. ఆయన పేరు నాకు ఏనాడూ తెలియదు. అందరూ కళ్ళద్దాలన్న అనేవారు.

"లోపలికి రాన్రి సారూ, తడుస్తున్రు."

"మేము నవలలు చదువము," అన్నాను. ఆ రోజుల్లో నన్ను నేను బహువచనంలోనే సంబోధించుకునేవాణ్ణి.

"సదవకున్రి. కూసోన్రి. కూసునేటందుకు సదువక్కర్లేదు."

స్టూలు మీద ఒక పుస్తకం ఉంది. దాన్ని తీస్తే గాని కూర్చోవడానికి వీల్లేదు. తీశాక, చేతిలో ఉన్నది కదా అని తెరిచాను. 'మంచుకోట మందాకిని'. మొదటి వాక్యంలోనే ఓరుగల్లుకు నాలుగు ఆమడల దూరంలో, మంచుకోటలో, రాకుమారి మందాకిని చలికి వణుకుతున్నది. ఆ ప్రాంతపు ఎండలలో పుట్టి పెరిగినవాణ్ణి గనుక పైకే నవ్వాను. ఇంకెన్ని అజ్ఞానాలున్నాయో చూతమని పేజీ తిప్పాను. ఆ పైన ఇంకొకటి. వాన ఎప్పుడు వెలిసిందో నాకు తెలియదు. తల ఎత్తేసరికి నలభై రెండవ పేజీలో ఉన్నాను, కళ్ళద్దాలన్న షట్టరు సగం దించి నా కోసం ఆగి ఉన్నాడు.

"తీస్కపోతరా సారూ?"

"దోషపరిశీలన నిమిత్తము తీసుకొనిపోయెదను."

"అందరు గట్లనే అంటరు," అని అతడు పుస్తకానికి గోధుమరంగు కాగితం అట్ట వేయసాగాడు. ఆ దుకాణంలో అది ఆచారం: ప్రతి పుస్తకానికీ అట్ట వేసి, దాని మీద తీసుకుపోయేవారు కోరిన పేరు రాసి ఇచ్చేవాడు. "ఏమని రాయాలె? మొన్న ఒకామె 'వంటలు' అని రాయించుకున్నది. ఒక పెద్దమనిషైతే ఎప్పుడొచ్చినా 'క్రమశిక్షణ' అనే రాయిస్తడు."

"సంధి ప్రకరణము," అన్నాను సిగ్గు విడిచి.

కథ సంగతి చెప్పాలి. చెప్పకపోతే నేను ఎంత లోతున మునిగానో తెలియదు. జయకేతుడనే వీరుడికి ఒక ముని శాపం ఇచ్చాడు. పొద్దు పొడవగానే శిల అయిపోతాడు, పొద్దు గూకగానే మనిషవుతాడు. సాయంత్రాలు గుర్రమెక్కి వచ్చి మందాకినిని కలుసుకుంటాడు. తెల్లవారితే కోట మండపంలో విగ్రహమై నిలబడతాడు. ఆ విగ్రహం ముందు రోజూ ఉదయం దీపం పెట్టేది మందాకినియే, అయినా పోలిక పట్టలేదు. (నాలుగు వందల పేజీల దాకా పట్టకపోవడానికి ఆమె కంటిచూపు గాక, పుస్తకం లావు కారణమని నా అభిప్రాయం.) శాపానికి విమోచనం కూడా ఉంది: ప్రేమించినవారు పగటివేళ గుర్తుపట్టి ఆ శిలను తాకితే, శాపం తీరిపోవచ్చు, లేదా శాశ్వతం కావచ్చు. రెండింటిలో ఏదో ముని చెప్పలేదు. రచయిత సౌకర్యం దృష్ట్యా చెప్పకుండా హిమాలయాలకు పోయాడు.

ఇంతటి అసంభవాన్ని ఒక పండితుడు ఎలా సహించగలడు? సహించలేదు. పాఠశాలకు పోయేముందు రెండు ప్రకరణాలు, వచ్చాక మూడు ప్రకరణాలు, ఆదివారం అన్నం మానుకొని ఎనిమిది ప్రకరణాల చొప్పున సహించలేదు. తరగతిలో ఉపమాలంకారానికి ఉదాహరణ చెప్పమంటే, "ఆమె చూపు తాకి అతని గుండె శిలలోనే కొట్టుకొన్నట్లు" అని నల్లబల్ల మీద రాసి, ఇదెక్కడిదని పిల్లలు అడుగకముందే తుడిచేశాను. నేను చేసిన అసలు తప్పు మాత్రం అది కాదు. ఎర్రసిరా కలం పట్టుకోకుండా చదవడం నాకు అప్పటికే మరచిపోయిన విద్య. చేతిలో అచ్చు కాగితం ఉన్నదో నోటుబుక్కు ఉన్నదో చేతికి తెలియదు. జయకేతుడు మిరపకాయ కొరికిన చోట "ఆ కాలమున మిరపకాయ లేదు, మిరియములని ఉండవలెను" అని అంచున రాశాను. మరోచోట "వాక్యనిర్మాణము శిథిలము". మందాకిని గుర్రమెక్కి శత్రుసేన మధ్యనుంచి దూసుకుపోయిన ప్రకరణం చివర, అలవాటు ప్రకారం గీత గీసి, పదికి ఏడు మార్కులు వేసి, పొడి అక్షరాలతో సంతకం కూడా పెట్టాను. ఇదంతా చేసినట్లు నాకు గుర్తు లేదు. మనిషి శ్వాస తీసుకున్నట్లు గుర్తుంచుకుంటాడా?

చివరి ప్రకరణానికి వచ్చాను. తెల్లవారుతున్నది. మందాకిని దీపపు వెలుగులో విగ్రహం కుడి కనుబొమ మీది మచ్చను గుర్తుపట్టింది. తాకవద్దని చెలికత్తె వారిస్తున్నది. 'మందాకిని తన చేతిని చాచి, ఆ శిల వక్షస్స్థలం మీద' అన్నంతవరకు పేజీ అడుగున ఉంది. తిప్పాను. వెనుక అట్ట వచ్చింది. నాలుగు పేజీలు, అంటే రెండు ఆకులు, ఎవరో కుదురుగా, కుట్టు దాకా చింపుకొని పోయారు.

మరునాడు బడి విడిచీ విడవకముందే ఉప్పల్‌కు పరుగెత్తాను. నాకు ముందు ఆ పుస్తకం ఎవరు తీసుకుపోయారో చెప్పమని కళ్ళద్దాలన్నను నిలదీశాను.

"పేరు జెప్ప సారూ. ఇయ్యాల ఆళ్ళ పేరు మీకు జెప్తే, రేపు మీ పేరు ఇంకొకలకు జెప్పాలె. గట్లయితే నా దుకాణం నడుస్తదా?"

"కనీసము ఆ శిల ఏమయినదో నీవు చెప్పుము. నీవు చదివియుందువు కదా."

"నేనెందుకు సదువుత సారూ? నాకు టైమేడిది?" అని అతడు పుస్తకం తిరగేసి, కళ్ళద్దాలు పైకెత్తి, దగ్గరగా పెట్టుకొని చూశాడు. "మరి గీ ఎర్రసిరా ఎవ్వలు బెట్టిన్రు? నేనిచ్చినప్పుడు గిట్ల లేకుండె."

అప్పుడు చూశాను. పేజీ పేజీకీ నా చేయి. ఆ ఎర్రని అక్షరాలు నాచారంలో ప్రతి ఇంట్లో, ప్రతి పిల్లవాడి నోటుబుక్కులో ఉన్నాయి. ఆ పుస్తకం నాచారం గడప తొక్కిన మరుక్షణం పెద్దసారు చెవిన పడుతుంది. నా ఉద్యోగం ఖాయమయ్యే సంగతి మంచుకోట మంచులా కరిగిపోతుంది. పుస్తకం నాకే అమ్మమన్నాను. అమ్మడం తన వ్యాపారం కాదన్నాడు. "సదివినోళ్ళే ఒకలు ఇంకొక్కసారి అడిగిన్రు, ఆళ్ళకిచ్చి, ఆనెంక పాత కాగితాలల్ల ఏస్త. ఆఖరు లేని పుస్తకం ఎవ్వలు ముడుతరు?"

ఆ వారం నాలో ఇద్దరు మనుషులు కాపురం చేశారు. ఒకడు ఉద్యోగం ఏమవుతుందోనని భయపడేవాడు. రెండోవాడు ఆ శిల లేచిందా లేదా అని మాత్రమే ఆలోచించేవాడు. సిగ్గుచేటైన విషయమేమంటే, రెండోవాడే బలవంతుడు. మంగళాంత నియమం ప్రకారం లేచి తీరాలని నాకు నేను శాస్త్రం చెప్పుకునేవాణ్ణి. కాని ఈ రచయితకు మిరపకాయల చరిత్రే తెలియనప్పుడు శాస్త్రం తెలుస్తుందని నమ్మకమేమిటి?

ఆదివారం మధ్యాహ్నం ఓనరమ్మ వరండాలో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నది.

"సారూ, జర ఇట్ల రాన్రి. మెల్లగ మాట్లాడున్రి, ఆయన పన్నడు."

వెళ్ళాను. చిక్కుడుకాయల చేట పక్కన రెండు పుస్తకాలున్నాయి. ఒకటి కూతురి నోటుబుక్కు. రెండవదానికి గోధుమరంగు అట్ట, దాని మీద 'వంటలు'.

"రెండిట్ల ఎర్రసిరాతోని ఏమో రాసున్నది. జర సదివి జెప్పున్రి. నేను పెద్దగ సదువుకోలే."

నోటుబుక్కులో "వాక్యనిర్మాణము శిథిలము" అని ఉంది. వంటల్లోనూ అదే ఉంది.

"రెండు లిపులకును కొంత సామ్యము కనబడుచున్నది," అన్నాను.

"సామ్యమా. నా బిడ్డ ఆవు మీద రెండు పేజీలు రాస్తే నాలుగేసిన్రు. గీ మందాకిని గుర్రమెక్కి ఉరికితే ఏడేసిన్రు. ఆవు ఏం పాపం జేసింది సారూ?"

"అది దోషపరిశీలనలో భాగముగా..."

"నూట ఇరవై రెండో పేజీల 'అయ్యో తల్లీ' అని రాసిన్రు. గది ఏం దోషం?"

చిక్కుడుగింజ ఒకటి చేటలో టప్పున పడింది. లోపల ఆయన గురక క్షణం ఆగి మళ్ళీ అందుకుంది. పెద్దసారుకు చెప్పవద్దని చేతులు జోడించబోతున్నానని నేనే అనుకున్నాను. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం అది కాదు. ఐదేళ్ళ వ్యాకరణం కింద కప్పబడిపోయిన మా అమ్మ భాష వచ్చింది. "అక్కా, ఆ రాయి లేసిందా లేదా, జెప్పు."

ఆమె ఒలవడం ఆపింది. నెలల తరబడి చూస్తున్న పంతులును అప్పుడే మొదటిసారి చూసినట్లు చూసింది. "గిట్ల మాట్లాడొస్తదా మీకు," అంది. తరువాత తల దించుకొని, "లేవలే. అందుకే చింపిన."

"నువ్వా?"

"మీరే జెప్పిన్రు గద, ఏడిపిచ్చే ఆఖరుంటే చింపినా పాపం లేదని. మైకుల జెప్పిన్రు. నేను ముందట్నే కూసున్న."

నా జీవితంలో నా ప్రసంగాన్ని ఆచరణలో పెట్టిన శ్రోత ఆమె ఒక్కతే. ఆలంకారికులందరూ ఆకాశం నుంచి నన్ను చూసి ఆశీర్వదిస్తున్నట్లు అనిపించింది, వారి మీద రాళ్ళు రువ్వాలని కూడా అనిపించింది.

ఆకులు ఉన్నాయా, పొయ్యిలో వేసిందా అని అడిగాను. లోపలికి పోయి బియ్యం డబ్బాలోంచి తెచ్చింది. నాలుగు మడతలు. బియ్యపు పిండి దులిపి, మెట్టు మీద కూర్చొని చదివాను. మందాకిని తాకింది. శిల కొద్దిగా వెచ్చబడింది. ఆమె పగలంతా అక్కడే కూర్చున్నది. చివరి వాక్యం ఇది: 'పొద్దు గూకింది; శిల లేవలేదు.' అంతే. నాలుగు వందల పేజీల పాటు విశేషణాలను కుప్పలు పోసిన ఆ రచయిత, చివరకు వచ్చేసరికి ఒక్క విశేషణం కూడా ఖర్చుపెట్టలేదు. దిద్దడానికి ఏమీ లేదు. కలం జేబులోనే ఉంది, తీయలేదు. ఓనరమ్మ స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

"ఏడుస్తరని నాకెర్కే. మొదాలు గట్లనే ఉంటది."

"బాగా రాసినాడక్కా," అన్నాను ముక్కు తుడుచుకుంటూ. శాస్త్రద్రోహం ఆ విధంగా పూర్తయింది.

"బాగ రాసిండు. కాదన్ననా? గని నాకద్దు." ఆమె గురక వస్తున్న గది వైపు చూసింది. "పొద్దు గూకంగనే నేను రోజు లోపలికి వొయ్యి సూస్త సారూ. లేస్తడా, లేడా అని. లేస్తడు. పన్నెండేండ్ల సంది లేస్తనే ఉన్నడు. అయినా సూస్త. గసుంటి నాకు గీ పుస్తకమోడు గట్ల రాస్తే ఎట్ల?"

రసములెన్ని, వాటి స్థాయీభావములేవి అని అడిగితే గుక్క తిప్పుకోకుండా అప్పగించగలిగినవాణ్ణి, పగటిపూట నిద్రపోయే ఒక మనిషి భార్య ఈ నవలను ఎలా చదువుతుందో ఊహించలేకపోయాను.

తరువాత ఆమె ఒప్పందం చెప్పింది. పెద్దసారుకు తన నోటి నుంచి ఒక్క మాట పోదు. దానికి ప్రతిగా, సదరు మంగళాంతం నేనే రాసి ఆ పుస్తకంలో అతికించాలి. అప్పుడు కళ్ళద్దాలన్న దాన్ని కాగితాలలో వేయడు. "ఎట్లుండాల్నో మీరు మస్తు జెప్పిన్రు గద. ఇగ రాయున్రి."

మూడు రోజులు కూర్చొని రాశాను. ఆకాశవాణి పలికింది, పుష్పవృష్టి కురిసింది, శాపవిమోచనం జరిగింది, దుందుభులు మోగాయి. చదివి వినిపించాను. ఓనరమ్మ చివరిదాకా విని, నా జేబులోని ఎర్రకలం తానే తీసి, కింద నాలుగు వేసింది. "ఆవుకు ఎన్నో మీకు గన్నే. గా మాటలు మందాకినికే సమజ్ గావు."

రెండోసారి దుందుభులు తీసేశాను. ఐదు వేసింది. "శాపం పోవుడెందుకు సారూ? పగటీలి పండుకుంటే పండుకోనియ్యి. పొద్దుగూకంగ లేస్తే సాలదా?"

"రాకుమారి మాత్రము లేపునప్పుడు ఏమి పలుకవలెను?"

"బువ్వ సల్లారుతున్నది, లెవ్వు అంటది."

"రాకుమార్తెలు వంట చేయరు."

"ఎందుకు జెయ్యరు? ఇష్టమున్నోళ్ళకు జేస్తరు."

మూడోసారి ఆమె చెప్పినట్లే రాశాను. పొద్దు గూకింది. మందాకిని దీపం పెట్టి, 'అన్నం చల్లారుతున్నది, లే' అన్నది. శిల కళ్ళు విప్పింది. రేపు మళ్ళీ తెల్లవారుతుందని ఇద్దరికీ తెలుసు, అయినా ఆ మాట ఎత్తలేదు. ఓనరమ్మ కాగితం తన చేతిలోకి తీసుకొని మరొకసారి చదువుకుంది. తరువాత ఏడు వేసింది. అంతకు మించి వేస్తే పొగరొస్తుందట. నీలిసిరాతో, ఎవరి చేతిరాతో పోల్చుకోవడానికి వీల్లేకుండా గుండ్రని అచ్చు అక్షరాల్లో నాలుగు పేజీలు ఎత్తిరాసి, మైదా జిగురుతో అతికించాము. అసలు ఆకులు మళ్ళీ బియ్యం డబ్బాలోకి పోయాయి. పుస్తకం ఉప్పల్‌కు పోయింది. ఎర్రసిరాను ఎలా మాపాలో మాత్రం మా ఇద్దరికీ తోచలేదు.

ఏడాది నిండింది. పెద్దసారు గదికి పిలిచారు. బల్ల మీద ఉద్యోగం ఖాయం చేస్తున్న కాగితం ఉంది. దాని పక్కన గోధుమరంగు అట్టతో లావుపాటి పుస్తకం ఒకటి. అట్ట మీద 'క్రమశిక్షణ'. ఆయన సంతకం చేసి, కాగితం నాకు అందిస్తూ, కిటికీ వైపు చూశారు.

"పండితులవారూ, ఓరుగల్లు రాజుల కాలంలో మిరపకాయ లేదన్నది నిజమేనా?"

"నిజమేనండి," అన్నాను.

"నాకూ అనుమానంగానే ఉండేది." పుస్తకాన్ని సొరుగులోకి జరిపి తాళం వేశారు. "ముగింపు మాత్రం ఎవరిదో గాని బాగుంది. మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. సరే, వెళ్ళి రండి. నవలల మీద ఈ ఏడు కూడా మీరే మాట్లాడాలి."

మాట్లాడాను. ఆ ఏడు కూడా నలభై నిమిషాలు మాట్లాడాను, పై ఏడు కూడా. మంగళాంతం జోలికి మాత్రం పోలేదు. ముందు వరుసలో ఓనరమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అది చూసి నాకు మాట తడబడితే, ఆవేశం వల్ల కంఠం గద్గదమైనదని పెద్దసారు సభకు వివరించేవారు.

మొన్నటి మాట. సికింద్రాబాదులో పని చూసుకొని మెట్రో ఎక్కాను. ఉప్పల్‌లో దిగాలి. రామంతాపూర్ చెరువు దగ్గర పొద్దున నాతో నడిచే మిత్రుడొకాయన పాత పుస్తకాల స్కాన్లు పెట్టే వెబ్‌సైటు లింకు ఏదో పంపితే ఫోనులో తెరిచాను. 'మంచుకోట మందాకిని'. ఎవరి ఇంట ఏ అటక మీద బతికి బయటపడిందో, అదే పుస్తకం, అదే ప్రతి. మిరపకాయ పక్కన నా ఎర్రని మిరియాలు వెలిసిపోయి గులాబీరంగుకు తిరిగాయి. 'అయ్యో తల్లీ' ఉన్నది. పదికి ఏడూ ఉన్నది. చివర, గుండ్రని నీలి అక్షరాల్లో, అన్నం చల్లారుతున్నది. కింద చదివినవారి వ్యాఖ్యలు. ఒకరు రాశారు: "ఆఖరు నాలుగు పేజీలు చేతితో రాసిన్రు. ఎవరో గని మస్తు మనసున్న మనిషి. కండ్లల్ల నీళ్ళొచ్చినయ్." దాని కింద మరొకరు: "నిజం. కాని మధ్యలో ఎర్రసిరాతో తప్పులు పట్టిన మహానుభావుడెవరో, జన్మలో ఒక కథ అనుభవించి ఉండడు, పాపం."

ఆ మనసున్న మనిషీ ఈ ఎర్రసిరా మహానుభావుడూ ఒక్కరేనని చెప్పడానికి వేలు అక్షరాల మీదికి పోయింది. ఆగింది. ఒకరు నేనైతే, రెండోవారు నిజానికి నేను కాను. నేను చేతిరాత మాత్రమే. ఆ మాట చెప్పి నవ్వించడానికి ఓనరమ్మ ఇప్పుడు లేదు. ఆమె భర్త పోయిన తరువాత రెండేళ్ళకే ఆమె కూడా పోయింది. బియ్యం డబ్బాలోని ఆకులు ఏమయ్యాయో వారి అమ్మాయిని అడగాలని చాలాసార్లు అనుకొని, ఏమని అడగాలో తెలియక ఊరుకున్నాను.

"తాతా, నాగోల్. లాస్ట్ స్టేషన్. దిగున్రి," అని నీలిరంగు యూనిఫాం అమ్మాయి భుజం తట్టింది. ఉప్పల్ ఎప్పుడు దాటిపోయిందో తెలియదు. వెనుకకు పోయే రైలు కోసం బెంచీ మీద కూర్చున్నాను. ఇరవైమూడేళ్ళ ఆ ఎర్రసిరా పండితుణ్ణి మరొకసారి మొదటి పేజీ నుంచి చదివి, న్యాయంగా నాలుగు మార్కులు వేశాను. ఆవుకెన్నో వాడికీ అన్నే. ఆ తరువాత చివరి పేజీలు గుర్తుకొచ్చి, "అక్కా, ఆ రాయి లేసిందా" అని అడిగినందుకు ఇంకొక మూడు కలిపాను.